క్లౌడులోని పుస్తకాలు – అమానతా? ఇజాజతా?



ఈ వార్షిక సమావేశంలో ఈ-పుస్తకాలను గురించి, అవి దాచబడే 'క్లౌడు'ను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గంవారు కోరినారు. విషయం కొత్తదే గాని మన ఇళ్ళలోకి ఇదివరకే వచ్చేసింది. పట్నంలో చదివే పిల్లల చేతుల్లోనూ, గల్ఫ్ నుండి సెలవుకు వచ్చిన అబ్బాయిల సంచుల్లోనూ పలకవంటి ఈ-రీడరు కనిపిస్తున్నది. "పుస్తకాలన్నీ క్లౌడులో ఉన్నాయి అబ్బా, ఎక్కడికీ పోవు" అంటారు పిల్లలు. పెద్దలు సరేనని తల ఊపుతారు. ఆ మాట ఎంతవరకు నిజమో విచారిద్దాం.

ముందు యంత్రం సంగతి. వీటిలో పేరుపడ్డ కిండిల్‌ను అమెజాన్ కంపెనీ 2007 నవంబరులో విడుదల చేసింది. కోబో వంటివి మరికొన్ని ఉన్నాయి. దీని తెర టీవీ తెరవంటిది కాదు, అచ్చు కాగితంలా ఉంటుంది. పేజీ తిప్పినప్పుడే అక్షరాలకు కరెంటు ఖర్చవుతుంది. అందుకే ఒకసారి ఛార్జి చేస్తే చాలా రోజులు వస్తుంది.

ఇక క్లౌడు. పేరు మబ్బే గాని అది ఆకాశంలో లేదు. పెద్ద పెద్ద భవనాలలో వేలాది కంప్యూటర్లను వరుసగా పేర్చి, రాత్రింబగళ్ళు చల్లబరుస్తూ నడిపే గిడ్డంగి అది. అటువంటి కేంద్రాలు మన హైదరాబాదులోనూ ఉన్నాయి. అమెజాన్‌వారి క్లౌడు విభాగం 2022 నవంబరులో అక్కడ తన కేంద్రాలను ప్రారంభించింది. మనం పుస్తకం కొన్నామంటే, ఈ గిడ్డంగిలోని చిట్టాలో మన అకౌంటు కింద ఆ పేరు రాసుకుంటారన్నమాట. ఆ పుస్తకపు నకలు మన యంత్రంలోకి దిగుతుంది. దిగిన తరువాత చదవడానికి ఇంటర్నెట్టుతో పనిలేదు. ఎక్కడిదాకా చదివామో, ఏ వాక్యం కింద గీత గీశామో కూడా గిడ్డంగికి చేరుతుంది. అందుకే ఫోనులో తెరిచినా అదే పేజీ వస్తుంది.

యంత్రంలో జాగా ఎంత? ఇప్పటి సాధారణ కిండిల్‌లో 16 జి.బి. ఉంటుంది. కొంత యంత్రం తన పనికే వాడుకుంటుంది. 12 జి.బి. మిగిలిందనుకుందాం. అక్షరాలే ఉన్న నవల 2 ఎం.బి. చొప్పున 6,000 పడతాయి. పేజీలను ఫోటో తీసి చేసిన పాత గ్రంథాలైతే 50 ఎం.బి. చొప్పున 240 మాత్రమే. జాగా నిండితే కొన్ని తీసేయాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. 'డౌన్‌లోడు తొలగించు' అంటే యంత్రంలోని నకలు మాత్రమే పోతుంది, మళ్ళీ దించుకోవచ్చు. 'లైబ్రరీ నుండి శాశ్వతంగా తొలగించు' అంటే చిట్టాలోంచే కొట్టివేయడం. మళ్ళీ కావాలంటే మళ్ళీ డబ్బు పెట్టవలసిందే.

మనం కొనని, మన సొంత ఫైళ్ళ సంగతి వేరు. పిల్లల నోట్సు, స్కాను చేసిన ఉర్దూ, తెలుగు పుస్తకాలు ఇటువంటివి. ప్రతి కిండిల్‌కూ ఒక ఈ-మెయిలు చిరునామా ఇస్తారు. దానికి 50 ఎం.బి. వరకు, వెబ్‌సైటు ద్వారా అయితే 200 ఎం.బి. వరకు పంపవచ్చు. అలా పంపినవి మామూలుగా క్లౌడులో కూడా నిలుస్తాయి. కాని కేబుల్ తగిలించి నేరుగా యంత్రంలో వేసినవి క్లౌడుకు పోవు. యంత్రం బస్సులో మరిచిపోతే అవీ దానితోనే పోతాయి. ఈ తేడా చాలామందికి తెలియదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మనకు అమానత్ అనే మాట తెలుసు, ఇజాజత్ అనే మాటా తెలుసు. అమానత్ అయితే వస్తువు మనది, కాపలా ఇంకొకరిది. ఇజాజత్ అయితే వస్తువు వారిది, వాడుకోవడానికి అనుమతి మనది. మన సొంత ఫైలు క్లౌడులో ఉంటే అది అమానత్ వంటిది. డబ్బిచ్చి కొన్న కిండిల్ పుస్తకం మాత్రం ఇజాజత్. పుస్తకం లైసెన్సుపై ఇవ్వబడుతున్నదే గాని అమ్మబడుట లేదని కంపెనీ షరతులలోనే ఉన్నది. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుండి, ఇటువంటి సరుకు అమ్మేవారు 'ఇది లైసెన్సు మాత్రమే' అని ముందుగా తెలియపరచవలెనని చట్టమే వచ్చింది.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. 2009 జూలైలో జార్జి ఆర్వెల్ నవలలు రెండింటిని, అమ్మిన వ్యాపారికి హక్కు లేదని తెలిసి, అమెజాన్ పాఠకుల కిండిళ్ళలోంచి దూరం నుండే తీసివేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది, తరువాత క్షమాపణా చెప్పింది. కాని అమెరికాలో ఒక విద్యార్థి ఆ పుస్తకంపై రాసుకున్న నోట్సు ఎందుకూ కొరగాకుండా పోయింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణమే మూసివేసింది. కొన్నవారికి సొమ్ము వచ్చింది, పుస్తకాలు మాత్రం తెరుచుకోలేదు. 2025 ఫిబ్రవరి 26న, కొన్న పుస్తకాన్ని కంప్యూటరులోకి దించి కేబుల్ ద్వారా కిండిల్‌కు ఎక్కించుకునే వసతిని అమెజాన్ తీసివేసింది.

మన కుటుంబాలకు ఇంకొక చిక్కు ఉన్నది. తండ్రి పోతే అలమారలోని పుస్తకాలు పిల్లలకు వస్తాయి. క్లౌడులోని కొన్న పుస్తకాలు అలా వారసత్వంగా రావు. మరొకరికి బదిలీ చేయడానికి షరతులు ఒప్పుకోవు. అబ్బాయి దుబాయి నంబరుతో అకౌంటు తెరిచి, ఉద్యోగం వదిలి వచ్చి, ఆ సిమ్ము పారేశాడనుకోండి. పాస్‌వర్డు మరిచిన రోజున కోడు ఎవరి ఫోనుకు వస్తుంది? ఇల్లు ఉన్నది, తాళంచెవి పోయింది అన్నట్లవుతుంది.

అయితే ఈ-రీడరు వద్దని మేము చెప్పటం లేదు. కళ్ళు మసకేసిన పెద్దలు అక్షరం పెద్దది చేసుకుని చదువుకోగలరు. హాస్టలు గదిలో వంద పుస్తకాలు ఉంచుకోలేని బిడ్డకు అది అలమార అవుతుంది. మేము కోరేది తెలిసి వాడమని. అకౌంటులో ఇప్పుడు నడుస్తున్న ఫోను నంబరు, ఈ-మెయిలు ఉన్నాయో లేవో ఏడాదికొకసారి చూసుకోండి. సొంత ఫైళ్ళను కంప్యూటరులో ఒక ప్రతి, పెన్‌డ్రైవులో ఒక ప్రతి ఉంచండి. చదువుతూ రాసుకున్న ముఖ్యమైన నోట్సు విడిగా కాపీ చేసుకోండి. మనవళ్ళు కూడా చదవాలనుకున్న పుస్తకం ఉంటే అచ్చు ప్రతి కొనండి.

సంఘ గ్రంథాలయం విషయంలోనూ అంతే. కొందరు సభ్యులు బీరువాలు తీసేసి ఈ-రీడర్లే కొందామంటున్నారు. ఏ కార్యదర్శి పేరనో అకౌంటు ఉంటే, కార్యవర్గం మారిన రోజున గ్రంథాలయం ఎవరిది? పైగా వాటిని పదిమందికీ ఎరువివ్వడానికి షరతులు అడ్డు. అచ్చు పుస్తకానికి ఆ బాధ లేదు. కనుక బీరువాలు ఉండనిచ్చి, ఉచితంగా చదువుకోదగిన పాత గ్రంథాల కోసం ఒకటి రెండు ఈ-రీడర్లు చేర్చడం ఉచితమని మా అభిప్రాయం.

1258లో హులాగూ సేనలు బాగ్దాదును కొల్లగొట్టినప్పుడు అక్కడి గ్రంథాలయాలు నాశనమైనాయి. వేరే ఊళ్ళలో నకళ్ళు ఉన్న గ్రంథాలు మాత్రం మిగిలి నేటికీ చదవబడుతున్నాయి. ఒక్కచోటనే దాచిన విద్య, ఆ చోటు మట్టిదైనా మబ్బుదైనా, భద్రం కాదు.

మన పిల్లలకు చదువుపై ప్రీతిని, ఆ చదువును కాపాడుకునే తెలివిని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.