వేసవియందు గొఱ్ఱెల మేత



గోదావరి మండలము ధాన్యమునకు పుట్టినిల్లు. అట్టి సీమలో వేసవియందు గొఱ్ఱె పస్తుండుననిన వినువారికి వింతగా తోచవచ్చును. కాని కారణము స్పష్టమే. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా భూమి క్రమముగా మాగాణిగా మాఱి, పశువులకు విడిచిన బీడులు తగ్గిపోయినవి. దాళ్వా కోతలు ముగిసి కాలువలకు నీరు కట్టివేయగనే గట్లమీది పచ్చిక సైతము మాడిపోవును.

కోసిన చేలలో మందను మేపి, రాత్రి అచ్చటనే మంద కట్టి రైతునకు ఎఱువు నిచ్చుట కాపరులకు అనాదిగా వచ్చుచున్న ఆచారము. ఇప్పుడు యంత్రముతో కోసిన పొలములలో చెదరిపడిన గడ్డిని కొందఱు రైతులు తగులబెట్టుచున్నారు. ఆ మంటలో కాలునది మందల మేతయే.

అయితే వరిగడ్డి యొక్కటియే చాలునా? చాలదు. దానితో కడుపు నిండును గాని ఒడలు నిలువదు. గడ్డిని జీర్ణము చేయునవి గొఱ్ఱె కడుపులోని సూక్ష్మజీవులు. అవి చక్కగా పనిచేయవలెనన్న మేతలో నూటికి ఏడు పాళ్ళయినను మాంసకృత్తులుండవలెను. వరిగడ్డిలో నుండునవి మూడు, నాలుగు పాళ్ళే. కావున గడ్డికి తోడుగా కొంచెము బలమైన మేత చేర్చినచో, ఆ గడ్డియే మునుపటికంటె బాగుగా వంటబట్టును. నేను ముఖ్యముగా మనవి చేయదలచినది ఇదియే.

ఆ తోడు మేత మన ముంగిటనే కలదు. మినుము, పెసర నూర్పిళ్ళలో మిగులు ఆకును, కాయపొట్టును పాఱవేయక దాచుడు. చెఱకు నఱికినపుడు కొనల ఆకును ముక్కలు చేసి పెట్టుడు. మరలలో తవుడు, గానుగలలో వేరుసెనగ పిండి, నువ్వుల తెలకపిండి, కోనసీమలో కొబ్బరిపిండి లభించును. ముప్పది కిలోల గొఱ్ఱెకు దినమునకు ఎండుమేత సుమారు 900 గ్రాములు కావలెను. అందులో తవుడు, పిండి కలిపి 100 మొదలు 150 గ్రాములు పెట్టిన చాలును. చూడి గొఱ్ఱెకును, పిల్లతల్లికిని 250 గ్రాముల వఱకు పెట్టవలెను.

గడ్డినే బలపఱచు పద్ధతియు నున్నది. 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరగించి, 100 కిలోల గడ్డిపై పొరలుపొరలుగా చల్లి త్రొక్కి, గాలి చొరకుండ కప్పి మూడు వారములుంచవలెను. తీసిన గడ్డిని కొంతసేపు ఆఱనిచ్చి పెట్టవలెను. ఆఱు నెలలలోపు పిల్లలకు పెట్టరాదు. యూరియా నీటిని గొఱ్ఱెలు త్రాగినచో ప్రాణాపాయము.

మఱికొన్ని జాగ్రత్తలు వినుడు. బూజుపట్టిన పిండిని తాకనీయకుడు. నిలువయున్న తవుడు చేదెక్కును, తాజాదే వాడుడు. ఆకలిగొన్న గొఱ్ఱె కళ్ళములోని ధాన్యము నొక్కమాఱుగా మెక్కినచో కడుపు పులిసి చచ్చును. ఏ క్రొత్త మేతనైనను పది దినములలో కొంచెము కొంచెముగా అలవాటు చేయుడు. ఆవులకు, గేదెలకు అమ్ము లవణమిశ్రమమును గొఱ్ఱెకు పెట్టకుడు. అందలి రాగి గొఱ్ఱె కాలేయమున చేరి విషమగును.

ఇంత శ్రమ యెందులకని అడుగవచ్చును. వేసవిలో చిక్కిన చూడి గొఱ్ఱెకు దుర్బలమైన పిల్ల పుట్టును, తల్లికి పాలుండవు. చిక్కిపోయిన గొఱ్ఱె తొలకరిలో ఎదకు రాదు. ఒక్క వేసవి ఆకలి రెండు ఈతల ఫలమును హరించునన్నమాట. తొలకరికి రెండు, మూడు వారములు ముందుగా మేత కొంత హెచ్చించినచో గొఱ్ఱెలు సకాలమున పొర్లును. అప్పుడే చిటుకు రోగమునకు టీకాయు వేయింపుడు. లేతపచ్చిక మేసిన నాళ్ళలోనే ఆ రోగము మందలో చొరబడును.

కావున సోదరులారా, కోతలు కాగానే అగ్గిపెట్టె తీయక, గడ్డి వామి వేయుడు. కాపరి మందకు మేత దొరకును. మీ చేనికి ఎఱువు దక్కును.