రెండు రికార్డులు, ఒకే దరువు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆహ్వానపత్రికలో నా ప్రసంగం పేరు ‘సంగీతం, సాంకేతికత’ అని అచ్చయింది. నేను కమిటీకి రాసి పంపిన పేరు ‘డీజే’. అచ్చుకిచ్చేటప్పుడు ఎవరో పుణ్యాత్ములు మర్యాదగా మార్చేశారు. వాళ్ల భయం నాకు అర్థమైంది. మన ఊళ్లలో డీజే అంటే మనిషి కాదు, ట్రాక్టరు ట్రాలీ మీద పేర్చిన బాక్సులు. నిమజ్జనం రోజున కిటికీ అద్దాలు వణుకుతాయే, అదీ డీజే. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను. కాబట్టి ఎవరూ కంగారుపడకండి. నేను బాక్సుల తరఫున వకాల్తా పుచ్చుకుని రాలేదు.

డిస్క్ జాకీ అంటే రికార్డులు వేసే మనిషి. ఆ లెక్కన మన చిన్నప్పుడు పెళ్లి పందిట్లో మైకు సెట్టు పెట్టినాయన కూడా డీజేనే. ప్లేటు పెట్టేవాడు, పిన్ను దించేవాడు, పాట అయిపోయేది. తర్వాత కాసేపు కిర్రుకిర్రు, మళ్లీ ఇంకో ప్లేటు. ఆ మధ్య ఖాళీలో పిల్లలం ఆట ఆపి మైకు వైపు చూసేవాళ్లం. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ఖాళీ గురించే. దాన్ని తీసేయడానికి కొందరు చేసిన పని నుంచే హిప్-హాప్, హౌస్ అనే రెండు సంగీతాలు పుట్టాయి.

1970 ప్రాంతంలో న్యూయార్క్ క్లబ్బుల్లో ఫ్రాన్సిస్ గ్రాసో అనే ఆయన రెండు టర్న్‌టేబుళ్లు పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒక దాని మీద పాట నడుస్తూ ఉంటుంది. రెండో దాని మీద కింద పళ్లెం తిరుగుతూనే ఉంటుంది, పైన రికార్డును మాత్రం వేలితో ఆపి పట్టుకుంటాడు. రెండింటి మధ్యా జారడానికి ఫెల్టు గుడ్డ ముక్క. మొదటి పాటలో దరువు పడే క్షణానికి వేలు తీసేస్తాడు. రెండో పాట అప్పటికే పూర్తి వేగంతో అందుకుంటుంది. మెకానికల్ వాళ్లు నవ్వుకుంటున్నారు, కారులో క్లచ్ చేసే పని ఇదే కదా అని.

ఇందులో లెక్క ఎంత సన్నగా ఉంటుందో చూడండి. ఒక పాట నిమిషానికి 120 దెబ్బలు, రెండోది 121 అనుకుందాం. తేడా ఒక్క దెబ్బే. కానీ రెండూ కలిపి వేస్తే 5 సెకన్లకే 40 మిల్లీసెకన్లు విడిపోతాయి, ఒక దెబ్బ రెండు దెబ్బలుగా వినిపిస్తుంది. అర నిమిషానికి పూర్తిగా ఎదురుబొదురు. అందుకని వేగం సరిచేసే మీట కావాలి, చేత్తో పట్టుకున్నా తడబడని మోటారు కావాలి. బెల్టుతో తిరిగే పాత టర్న్‌టేబుల్‌ను వేలితో ఆపితే బెల్టు సాగుతుంది, వదిలాక వేగం అందుకోవడానికి సమయం పడుతుంది. జపాన్‌లో మత్సుషితా ఇంజనీరు షుయిచి ఒబాతా బృందం బెల్టు తీసేసి పళ్లేన్ని నేరుగా మోటారు మీదే కూర్చోబెట్టింది. 1972లో టెక్నిక్స్ ఎస్ఎల్-1200 వచ్చింది. 1979లో వచ్చిన రెండో రకానికి పక్కన జారుడు మీట పెట్టారు, వేగం 8 శాతం పెంచవచ్చు, తగ్గించవచ్చు. అయితే వేగంతో పాటే శ్రుతీ మారుతుంది. 6 శాతం దగ్గరికి వచ్చేసరికే ఒక స్వరస్థానం పైకి పోతుంది. గాయకుడి గొంతు చిన్నపిల్లాడి గొంతయిపోకుండా ఎంతవరకు తోయవచ్చో తెలియడం డీజే విద్యలో సగం. ఇళ్లలో పాటలు వినడానికని చేసిన యంత్రం అది. దాన్ని వాయిద్యంగా మార్చింది మాత్రం వేరే వాళ్లు.

వాళ్లు న్యూయార్క్‌లోనే బ్రాంక్స్ అనే పేదవాడలో ఉన్నారు. 1973 ఆగస్టు 11న, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంట్ భవనంలో కింది హాలు అద్దెకు తీసుకుని సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బు కావాలి ఆమెకు. టిక్కెట్టు ఆడపిల్లలకు పాతిక సెంట్లు, మగపిల్లలకు అర్ధ డాలరు. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్. జమైకా నుంచి వచ్చిన కుర్రాడు, కూల్ హెర్క్ అని పిలిచేవారు. పాటంతా నడుస్తున్నప్పుడు జనం ఒక మోస్తరుగా ఆడుతున్నారు. పాట మధ్యలో గొంతు, గిటారు ఆగిపోయి డ్రమ్స్ ఒక్కటే వినపడే ఆ కాసిన్ని సెకన్లలో మాత్రం విజృంభిస్తున్నారు. హెర్క్ అది కనిపెట్టాడు. మిగతా పాట వదిలేసి, ఒక రికార్డులోని ఆ ముక్క నుంచి ఇంకో రికార్డులోని ఆ ముక్కకు దూకడం మొదలుపెట్టాడు. ఆ ముక్కను ‘బ్రేక్’ అంటారు. జేమ్స్ బ్రౌన్ వంటి వాళ్ల ఫంక్ పాటల్లో ఇవి దండిగా దొరికేవి.

హెర్క్ దూకుడు కాస్త ముతక, దరువు తప్పేది. దాన్ని శాస్త్రం చేసింది గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, అసలు పేరు జోసెఫ్ శాడ్లర్. ఈయనంటే నాకు పక్షపాతం, ఎందుకంటే వృత్తి విద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్లవాడు. పాత సామాన్లలోంచి ఏరిన భాగాలతో, నడుస్తున్న పాట జనానికి వినిపిస్తూనే రెండోది తన హెడ్‌ఫోన్‌లో తనకొక్కడికే వినిపించేలా స్విచ్చు కట్టుకున్నాడు. ఫెల్టుకు గంజి పెట్టి ఇస్త్రీ చేసి జారుడు బిళ్లలు తయారుచేశాడు. ఒకే రికార్డు రెండు కాపీలు తీసుకుని, బ్రేక్ ఎక్కడ మొదలవుతుందో మీద క్రేయాన్‌తో గీత గీశాడు. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు, అంటే ఒక చుట్టు 1.8 సెకన్లు. కనుక 5 సెకన్ల బ్రేక్ అంటే మూడు చుట్లకు కొంచెం తక్కువ. గీతను గడియారం ముల్లులా చూస్తూ అన్ని చుట్లూ వెనక్కి తిప్పితే అదే ముక్క మళ్లీ సిద్ధం. ఈలోగా రెండో కాపీ నడుస్తోంది. అయిదు సెకన్ల డ్రమ్స్ పది నిమిషాలు, దరువు చెదరకుండా. దాని మీద ఎవరో మైకు పట్టుకుని మాటలు పేర్చారు. హిప్-హాప్ అదే.

డిస్కో దారి వేరు. ఫిలడెల్ఫియాలో ఎర్ల్ యంగ్ అనే డ్రమ్మర్ 1973 నాటి ‘ది లవ్ ఐ లాస్ట్’ పాటలో నాలుగు మాత్రలకూ నాలుగు సమానమైన బాస్ డ్రమ్ దెబ్బలు వేశాడు. మన భజన తాళాల్లాగా ఎవరైనా పట్టుకోగల నడక. రెండు పాటలు కలపడానికి అంతకంటే సుఖమైనది లేదు. డిస్కో ప్రపంచమంతా పాకింది, అతి అయింది, జనానికి మొహం మొత్తింది. 1979 జూలై 12న షికాగో కోమిస్కీ పార్క్ స్టేడియంలో రెండు బేస్‌బాల్ మ్యాచ్‌ల మధ్య, స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత డిస్కో రికార్డులు గుట్టపోసి పేల్చేశాడు. ఒక రికార్డు తెస్తే 98 సెంట్లకే లోపలికి ప్రవేశం. జనం మైదానంలోకి దూకారు, రెండో మ్యాచ్ ఆగిపోయింది. ఆ రోజు అక్కడ ప్రేక్షకులకు సీట్లు చూపించే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు తర్వాత చెప్పిన సంగతి ఒకటుంది. జనం తెచ్చిన వాటిలో డిస్కోనే కాదు, నల్లవాళ్ల పాటలు ఏవైతే ఏమని తెచ్చినవీ ఉన్నాయట. అది ఒట్టి సరదా అని నేనూ అనుకోను.

అదే షికాగోలో, అదే సంవత్సరంలో, వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకిల్స్ డిస్కో వేస్తూనే ఉన్నాడు. అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా నల్లజాతి, లాటినో స్వలింగ సంపర్కులైన యువకులు, బయట ఎక్కడా తలెత్తుకుని ఆడలేనివాళ్లు. డిస్కో రికార్డులు కొత్తవి రావడం తగ్గేసరికి నకిల్స్ పాతవాటినే టేపు మీద కోసి అతికించి పొడిగించాడు. ఆ తర్వాత డ్రమ్ యంత్రాలు తోడయ్యాయి. ఆ క్లబ్బు పేరులోని చివరి ముక్కే ‘హౌస్’ అయింది. మొదటి హౌస్ రికార్డుగా చాలామంది చెప్పే 1984 నాటి ‘ఆన్ అండ్ ఆన్’ చేసినవాళ్లలో ఒకడు ఎవరనుకున్నారు? స్టేడియంలో సీట్లు చూపించిన ఆ విన్స్ లారెన్సే.

డ్రమ్ యంత్రాల ప్రస్తావన వచ్చింది కనుక ఎలక్ట్రానిక్స్ వాళ్ల కోసం ఒక్క మాట. రోలాండ్ టీఆర్-808 1980లో వచ్చింది, మూడేళ్లలో ఆపేశారు, అమ్ముడుపోయినవి సుమారు 12,000. అసలు డ్రమ్స్‌లా లేదని పెదవి విరిచారు. దాంతో పాత సామాన్ల షాపుల్లో చవకగా పడి ఉంటే డబ్బు లేని కుర్రాళ్లు కొనుక్కున్నారు. దాని ‘స్‌స్’ అనే చప్పుడు కోసం కంపెనీ స్థాపకుడు ఇకుతారో కకేహాషీ తనిఖీలో పనికిరావని తీసేసిన ట్రాన్సిస్టర్లు ఏరి కొన్నాడు. ట్రాన్సిస్టర్ల తయారీ మెరుగుపడ్డాక అలాంటివి దొరకలేదు. నాణ్యత పెరగడం వల్ల ఉత్పత్తి ఆగిపోయిన వస్తువు నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు.

ఇప్పుడు వస్తున్న కొత్త మిక్స్‌ల సంగతి. మా అబ్బాయి పంపిస్తుంటాడు, రాత్రి నడకలో వింటుంటాను. నాకు నచ్చేవి ఈ నాలుగింటినీ ఒకే గంటలో చుట్టి వచ్చేవి. నిమిషానికి నూరు దెబ్బల దగ్గర ఫంక్‌తో మొదలై, 110 దాకా వచ్చి షిక్ బృందం 1979లో చేసిన ‘గుడ్ టైమ్స్’ తగులుతుంది. దాని బేస్ గిటారు నడకనే ఆ ఏడాదే వాడుకున్న హిప్-హాప్ పాట ‘రాపర్స్ డిలైట్’ దాని పక్కనే వస్తుంది. తర్వాత డిస్కో, 124 దగ్గర హౌస్. ఎక్కడ గీత దాటామో తెలియదు. చరిత్ర పుస్తకంలో నాలుగు అధ్యాయాలుగా చదివింది చెవికి ఒకే కుటుంబం అని తెలుస్తుంది. తాతగారి ముక్కు మనవరాలికి వచ్చినట్టు.

ఈ రోజుల్లో కలపడం కష్టం కాదు. సాఫ్ట్‌వేర్ దెబ్బలు తనే లెక్కపెడుతుంది, ‘సింక్’ బటన్ నొక్కితే రెండు పాటలూ కలిసిపోతాయి, శ్రుతి మారకుండా వేగం మార్చవచ్చు. నడుస్తున్న పాటలోంచి గొంతును, డ్రమ్స్‌ను విడదీయనూ వచ్చు. క్రేయాన్ గీతలు అక్కర్లేదు. దీన్ని మోసం అనే పాతకాపులు ఉన్నారు. నేను అనను. స్లైడ్ రూల్ పోయిందని మనం వంతెనలు కట్టడం మానలేదు. ఏ పాట తర్వాత ఏది, ఎందుకు అన్న ప్రశ్నకు మాత్రం బటన్ లేదు.

నన్ను బాధపెట్టేది వేరొకటి. జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’ పాటలో దాదాపు ఇరవై సెకన్ల డ్రమ్స్ ఉంది. 1969 నవంబరులో దాన్ని వాయించినది క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. వెయ్యికి పైగా పాటలు ఆ ముక్కను కోసి వాడుకున్నాయి. ఆయనకు దాని రాయల్టీగా ఏమీ ముట్టలేదు. చట్టం ప్రకారం పాటకు రెండు హక్కులు. ఒకటి రచనది, రెండోది రికార్డింగుది. రచన హక్కు బ్రౌన్ పేర, రికార్డింగు హక్కు కంపెనీది. ఆ రోజు కూలి తీసుకుని వాయించిన డ్రమ్మర్ ఈ రెండింట్లోనూ లేడు. ‘రాపర్స్ డిలైట్’ విషయంలో ‘గుడ్ టైమ్స్’ రచయితలు నైల్ రోజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ పట్టుబట్టి తమ పేర్లు చేర్పించుకోగలిగారు, ఎందుకంటే వాళ్లు రచయితలు. స్టబుల్‌ఫీల్డ్‌కు క్యాన్సర్ వచ్చినప్పుడు ఆసుపత్రి బిల్లు సుమారు 90,000 డాలర్లు గాయకుడు ప్రిన్స్ గుట్టుచప్పుడు కాకుండా కట్టాడు. 2016లో ప్రిన్స్ పోయాక గానీ ఆ సంగతి బయటపడలేదు. మరుసటి ఏడాది స్టబుల్‌ఫీల్డ్ కూడా పోయాడు.

‘ఆమెన్, బ్రదర్’ అనే 1969 నాటి పాటలోని ఏడు సెకన్లదీ అదే కథ. వాయించిన గ్రెగరీ కోల్‌మన్ 2006లో పోయాడు. 2015లో అభిమానులు చందాలు వేసి 24,000 పౌండ్లు పోగుచేస్తే అది బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు చేరింది, కోల్‌మన్‌కు అప్పటికే ఆలస్యమైపోయింది. అమెరికా వాళ్లను అనేముందు ఒక్కసారి మనల్నీ చూసుకుందాం. మనకు కంఠతా వచ్చిన పాత సినిమా పాటల్లో గాయకుడు, కవి, సంగీత దర్శకుడు చెప్పేస్తాం. ఢోలక్ వాయించింది ఎవరో ఈ సభలో ఎంతమందికి తెలుసు? నాకూ తెలియదు.

ఈ రాత్రి కార్యక్రమంలో డీజే పెట్టాలా వద్దా అని కమిటీలో మూడు మీటింగులు నడిచాయని విన్నాను. పెద్దలు వద్దన్నారు, కుర్రాళ్లు పట్టుబట్టారు. చివరకు మన బళ్లోనే చదివిన తమ్ముడొకడు, ఉద్యోగం సాఫ్ట్‌వేరే అయినా శనివారాలు మిక్స్‌లు చేస్తుంటాడు, గంటసేపు వేస్తానన్నాడు. ఫంక్‌తో మొదలై హౌస్‌తో ముగుస్తుంది. నేను మధ్యవర్తిగా రెండే షరతులు పెట్టాను. బాక్సులు పక్కవీధి ఇళ్ల వైపు కాకుండా ఆటస్థలం వైపు తిప్పాలి, పదికి ఆపాలి. రెండోది, వేసే పాటల జాబితా భోజనాల దగ్గర నోటీసు బోర్డుకు అంటించాలి, ప్రతి పాటకూ ఎదురుగా డ్రమ్స్ వాయించినవారి పేరుతో. పాపం ఆ తమ్ముడు వారం రోజులు కూర్చుని వెతికాడు. ముప్పై ఒక్క పాటల్లో నాలుగింటికి పేరు దొరకలేదు, అక్కడ ఖాళీ గడి వదిలేశాడు. చివర్లో వచ్చే హౌస్ పాటల దగ్గర మనిషి పేరు బదులు యంత్రం నంబరు రాశాడు. వడ్డన మొదలయ్యేది ఎనిమిదింటికట. బోర్డు ఎడమవైపు, చేతులు కడుక్కునే చోట ఉంది.