బాల్టిక్ తీరపు ఇరుగుపొరుగు



గ్రామలెక్కలు వ్రాయువాడను, గట్టు తగవులు నాకు క్రొత్త గావు. అందుచేతనే ఉత్తర ఐరోపా వారి పొత్తు నా మనస్సు నాకర్షించినది.

స్వీడను, నార్వే, డెన్మార్కు, ఫిన్లండు దేశములవారు పాసుపోర్టులు లేకయే ఒకరి దేశమునకొకరు పోవచ్చునని 1952లో ఒడంబడిరి. ఆ యేటనే నార్డిక్ మండలి యేర్పడెను.

బాల్టిక్ సముద్రపు తూర్పుటొడ్డున నున్న ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలు 1940లో సోవియట్ పాలనలో చిక్కి, 1991లో మరల స్వతంత్రములయ్యెను. పెద్ద రాజ్యములు సంకోచించుచుండ, ముందుగా వానిని గుర్తించినది సైన్యమే లేని ఐస్లండు!

అయితే జెండా మారినంతనే పాతముడి వీడునా? ఇంటిలో దీపము తమది, మీట మాస్కోలో. విద్యుత్తు ఫ్రీక్వెన్సీని అచ్చటినుండియే నడపుచుండిరి. ఈ చిక్కు విడుటకు ముప్పదేండ్లు మించి పట్టినది. ఫిన్లండు, స్వీడనులతో కలిసి కడలి యడుగున తీగలు పరచిరి; పోలండు నేలమీద దారి యిచ్చెను. తుదకు 2025 ఫిబ్రవరి 8న ఆ మూడు దేశములును పాతబంధమును తెంచుకొని, మరునాడు ఐరోపా విద్యుత్ వలయమున చేరినవి.

అంతకు ఆరు వారములు ముందే, 2024 డిసెంబరు 25న, ఫిన్లండు ఎస్తోనియాల నడిమి సముద్రపు తీగ యొకటి చెడిపోయినది. అయినను వారు ముహూర్తము మార్చలేదు.