పట్టు తప్పితే తప్పు ఎవరిది? కబడ్డీ డిఫెన్స్ లెక్క

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆఫెన్సివ్ లైన్ అని ఒకటి ఉంటుంది. ఐదుగురు పక్కపక్కనే నిలబడి, వెనకున్న క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవరూ రాకుండా కాస్తారు. ఎవరు ఎవర్ని ఆపాలో కోచ్ ముందే చెప్తాడు. ఒక్కడు పొరబడితే చాలు, సందు దొరికినట్టే. ఆ ఆట మనకి తెలీకపోవచ్చు, ఆ లెక్క మాత్రం తెలుసు. సంక్రాంతికి మన గోదావరి ఊళ్లల్లో ఆడే కబడ్డీలో డిఫెన్స్ అదే కదా!

చూడండి. కూతకొచ్చినవాడి కాలు కార్నర్ పట్టుకున్నాడు. అదే క్షణంలో పక్కనున్న కవర్ అడ్డంగా వచ్చి నడిగీత వైపు దారి మూసెయ్యాలి. అర సెకను లేటైతే రైడర్ ఈడ్చుకుంటూ వెళ్లి గీత ముట్టేస్తాడు. అప్పుడు ముట్టుకున్నవాళ్లందరూ ఔట్. పట్టు దొరికితే మామూలుగా ఒక్క పాయింటే, తప్పితే మూడో నాలుగో పోతాయి. అందుకే కండబలం కన్నా టైమింగ్ ముఖ్యం అంటాను నేను.

ఇంకోటి. ఏడుగురున్నప్పుడు చేతులు పట్టుకుని చైన్ కడతారు. ముగ్గురే మిగిలితే ఆ చైన్ పనిచెయ్యదు, ప్లాన్ మారాలి. ముగ్గురు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండి పట్టేస్తే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. దాన్ని విడిగా ప్రాక్టీస్ చేయించే ఊరి టీమ్ ఎక్కడుంది చెప్పండి?

మన తెలుగు టైటాన్స్‌నే తీసుకోండి. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. సూపర్ రైడర్, డౌట్ లేదు. కానీ ఆ పదో సీజన్‌లో 22 మ్యాచ్‌లకి రెండే గెలిచి అట్టడుగున మిగిలాం. తర్వాతి సీజన్‌కి, 2024లో, కోచ్‌గా కృష్ణకుమార్ హూడా వచ్చారు. ఎనిమిదో సీజన్‌లో దబాంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చింది ఈయనే. అదే పవన్ కెప్టెన్, 12 గెలుపులు. ప్లేయర్లూ మారారు లెండి, క్రెడిట్ మొత్తం కోచ్‌కే ఇవ్వను. కానీ ఒక్క రైడర్‌తో పని జరగదని మాత్రం తేలిపోయింది.

ఊళ్లో ఏం చేస్తాం? పండక్కి వారం ముందు టీమ్ కడతాం. అందరూ కూతకెళ్తానంటారు. ఓడిపోయాక తిట్లు మాత్రం కార్నర్ కుర్రాడికి: "నీవల్లేరా పోయింది!" వాడు పట్టింది కరెక్టే, కవరే కదల్లేదు. అది ఎవరూ చూడరు. మరుసటి ఏడు వాడు ఆటకే రాడు.

ఈసారి ఆ కార్నర్‌నీ ఆ కవర్‌నీ మార్చకుండా నెల రోజులు జంటగా ఆడించండి. ఎవరు ముందు దూకాలో సైగ ఒకటి పెట్టుకోండి. ఫోన్‌లో వీడియో తీసి, కాలు పట్టుకున్న క్షణం దగ్గర ఆపి, కవర్ ఎక్కడున్నాడో చూడండి.