నాన్నగారి టాలీ, నా సుమారు లెక్క

మా నాన్నగారు మీ బ్యాంకులోనే క్యాషియరు. రూపాయి తేడా వచ్చినా, టాలీ అయ్యేదాకా ఇల్లు చేరేవారు కాదు. ఆయన కూతురినై ఉండి, నేను కంప్యూటర్ల మీద చేసే పరిశోధన సుమారు లెక్కల గురించి! "ఇదేం చదువే?" అన్నారు ఓసారి.

కోట్ల లావాదేవీలు ఆగకుండా వస్తుంటే, ఏ ఖాతా పదేపదే వస్తోందో పట్టుకోవాలి. ఖాతాకో లెక్క పెట్టుకుంటే మెమరీ చాలదు. 1982లో జయదేవ్ మిశ్రా, డేవిడ్ గ్రీస్ ఒక ఉపాయం ప్రచురించారు. 9 గళ్లు చాలు. వచ్చిన ఖాతాకు గడి ఉంటే ఒకటి కలపాలి. లేకపోతే ఖాళీ గడి ఇచ్చి ఒకటి వేయాలి. ఖాళీయే లేకపోతే అన్ని గళ్లలోనూ ఒక్కొక్కటి తీసేయాలి. సున్నా అయిన గడి ఖాళీ అయినట్టే. మొత్తంలో పదో వంతుకు మించి వచ్చిన ఖాతా చివరికి తప్పక మిగులుతుంది. అంతగా రానివీ మిగలొచ్చు. అందుకే రెండోసారి మొత్తం సరిచూడాలి.

"అంటే మళ్లీ టాలీయేగా! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అన్నారు నాన్నగారు.