దూరమునుండి నర్సు పరిచర్య

కీమోథెరపీ మందు ఎక్కించుకొను రోగి ఆసుపత్రిలో గడపునది సాధారణముగ కొన్ని గంటలే. మరుసటి విడత తరచుగ రెండు మూడు వారములకు గాని రాదు. వాంతులు, నీరసము, నోటిపూత, జ్వరము మొదలగునవి ఆ నడుమ ఇంటివద్దనే బాధించును. "ఇంతమాత్రమునకు డాక్టరుగారిని ఇబ్బంది పెట్టుట ఎందుకు?" అని రోగి ఓర్చుకొనును, ఇంటివారును ఊరకుందురు. ఈ ఓర్పు ఒక్కొక్కప్పుడు ప్రాణముమీదికి వచ్చును. రక్తములోని తెల్లకణములు తగ్గియుండు దినములలో జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరినచో తెల్లవారువరకు ఆగరాదు; వెంటనే ఆసుపత్రికి తెలుపవలెను.

ఇంటిలోని బాధ ఆసుపత్రికి తెలియుట యెట్లు? న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సరు కేంద్రమున డాక్టర్ ఈథన్ బాష్, ఆయన సహచరులు 2007 మొదలు 2011 వరకు 766 మంది రోగులను చేర్చుకొని ఒక పరిశీలన జరిపిరి. వీరందరికిని వ్యాధి ఇతర అవయవములకు వ్యాపించినదే. ఒక వర్గమునకు ఎప్పటి చికిత్సాపద్ధతియే సాగెను. రెండవ వర్గమువారు నొప్పి, వాంతి, ఆయాసము మొదలగు 12 లక్షణములను గూర్చి కంప్యూటరు ద్వారా తెలుపుచుండిరి. ఇంట కంప్యూటరు వాడుక లేనివారు ఆసుపత్రికి వచ్చినపుడు అచ్చటి యంత్రముమీద గుర్తించిరి.

బాధ తీవ్రమైనను, మునుపటికంటె హెచ్చినను ఆ వార్త నర్సుకు చేరెడిది. నూటికి 77 హెచ్చరికలకు నర్సులు ఏదో యొక చర్య తీసికొనిరి: టెలిఫోనులో సలహా చెప్పుట, ఉపశమనమునకు మందు ఇప్పించుట, కీమోథెరపీ మోతాదు మార్పించుట వంటివి. 2017లో వెలువడిన ఫలితములనుబట్టి, ఎప్పటి పద్ధతిలో సగముమంది 26 నెలలు జీవింపగా, ఈ వర్గమున సగముమంది 31 నెలలు దాటిరి. అంతకుముందు 2016లో ప్రకటించిన ఫలితములలో, కంప్యూటరు వాడుక లేనివారికే ఎక్కువ మేలు కనిపించెను.

నేడు చేతిఫోనులోనే ఇట్టి ప్రశ్నలకు జవాబు పంపు ఏర్పాట్లు వచ్చినవి. అయినను యంత్రము వార్తను మోయునే గాని, ఏది ఓర్చుకొనదగినది, ఏది తక్షణము చూడదగినది అని నిర్ణయించి రోగిని పలుకరించునది నర్సే. వార్డు పనిలో మునిగియున్న నర్సుకు దీనిని అదనపు భారముగ అప్పగించుట తగదు. ఇందుకు వేరుగ మనిషిని, వేళను కేటాయింపవలెనని మా అభిప్రాయము.

మీ ఇంట ఈ చికిత్స పొందువారున్నచో, ఆసుపత్రి విడుచుటకు ముందే ఏ లక్షణము కనబడినపుడు ఎవరికి తెలుపవలెనో, రాత్రివేళ ఎవరు పలుకుదురో నర్సునడిగి తెలిసికొనుడు. ఆ నంబరును, ఒక థర్మామీటరును అందరికిని కనబడుచోట ఉంచుడు.