లాకు – మన డెల్టాలో ఒక మాట



ఈరోజు ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి నాలుగు ముక్కలు మనవి చేస్తాను. అది 'లాకు'. ఎక్కడైనా లాకు అంటే మూసేది. పోలీసులది లాకప్పు, మిల్లు యజమానిది లాకౌటు, బ్యాంకుది లాకరు. 2020 నాటి లాక్‌డౌను సంగతి చెప్పనక్కరలేదు. ఇంటికి వేసేదాన్ని మాత్రం మనం తాళంకప్ప అనే అంటాం.

మన గోదావరి జిల్లాల్లో లాకు అంటే దారి ఇచ్చేది. 1847లో మొదలుపెట్టి 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర, కాలువలను సాగుకే కాక పడవల రాకపోకలకూ ఉద్దేశించాడు. కాలువ పల్లానికి దిగే చోట రెండు తలుపుల మధ్య తొట్టి కట్టారు. కిందినుంచి వచ్చిన పడవ తొట్టిలో చేరగానే వెనక తలుపు మూసి, పైనీరు లోపలికి వదిలేవారు. నీటితోపాటే పడవా లేచేది. మట్టాలు సమం కాగానే ముందు తలుపు తెరిచేవారు. అంత సరుకునూ ఎత్తింది నీరే! ఇంజను లేదు, కరెంటు లేదు. పడవలు పోయినా, బస్సులో 'లాకుల దగ్గర ఆపండి' అనే మాట మిగిలింది.

ఇక మన పెన్షనుకు సంబంధించిన లాకు ఒకటుంది. ఆధార్‌లో బయోమెట్రిక్ లాకు వేసుకున్నవారు అది తీయకుండా లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్ర వేస్తే యంత్రం ఒప్పుకోదు. వేలిగీతలు అరిగిపోయాయని కంగారు పడవద్దు. ముందు లాకు తీయించండి. అప్పటికీ ముద్ర పడకపోతే, ముఖం చూపించే పద్ధతి 2021 నుంచి ఉంది. ఫోను తెలిసిన మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకోండి.